తొమ్మిది అడుగుల హాల్లో ఏ టీవీ పెట్టాలి?

ప్రశ్న: మాది ఖమ్మం. మొన్ననే సొంతింట్లో గృహప్రవేశం అయింది. పాత 32 అంగుళాల టీవీ తీసేసి యాభై వేల లోపు కొత్తది కొనాలనుకుంటున్నాం. గోడకీ సోఫాకీ మధ్య తొమ్మిది అడుగులు ఉంటుంది. మా ఆయన 65 అంగుళాలదే కావాలంటారు. షాపతనేమో అంత దగ్గర్నుంచి అంత పెద్దది చూస్తే కళ్లు పోతాయి, 43 చాలు, కానీ 4కె తప్పకుండా తీసుకోండి అన్నాడు. కార్పెంటర్ టీవీ యూనిట్‌లో 54 అంగుళాల వెడల్పు ఖాళీ వదిలాడు, అందులో 55 పట్టదు కదా అని ఇంకో గొడవ. పగలంతా మా అత్తయ్య సీరియల్స్, న్యూస్ చూస్తారు. ఆమెకు ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, కింద పోయే స్క్రోలింగ్ చదవలేకపోతున్నానంటారు. ఆమె కూర్చునేది సోఫాలో కాదు, కిటికీ దగ్గర దివాన్ మీద, టీవీకి బాగా పక్కగా. రాత్రిళ్లు మేం ఓటీటీలో సినిమాలు, మా బాబు క్రికెట్. ఇంకో అనుమానం. మా మరిది ఈమధ్యే 55 అంగుళాల టీవీ కొన్నాడు. అందులో ఎంత పెద్ద సినిమా పెట్టినా సీరియల్ చూస్తున్నట్టే ఉంది. మేం కొన్నా అంతేనా?
— ఒక పాఠకురాలు

సమాధానం: ముందు కార్పెంటర్ గొడవ తేల్చేద్దాం. అది తేలితే మీ ఇంట్లో సగం వాదన ఆగిపోతుంది.

టీవీకి చెప్పే అంగుళాలు వెడల్పువి కావు. తెర పై మూల నుంచి ఎదుటి కింది మూలకు ఏటవాలుగా టేపు పెట్టి కొలిచిన పొడవు అది. ఇప్పుడొచ్చే టీవీలు 16:9 నిష్పత్తిలో ఉంటాయి కాబట్టి 55 అంగుళాల టీవీలో తెర వెడల్పు 48 అంగుళాలు, ఎత్తు 27. చుట్టూ అంచు కలుపుకున్నా వెడల్పు 49 దగ్గరే ఆగుతుంది. మీ 54 అంగుళాల ఖాళీలో హాయిగా పడుతుంది, అటూ ఇటూ రెండున్నర అంగుళాల చొప్పున మిగులుతుంది కూడా. ఆ మాత్రం మిగలాలి. వెనక వేడి బయటికి పోవాలి, రేపు పెన్‌డ్రైవ్ పెట్టాలన్నా కేబుల్ మార్చాలన్నా చెయ్యి దూరాలి. అదే 65 అంగుళాల టీవీకైతే తెర వెడల్పే దాదాపు 57 అంగుళాలు. తలకిందులుగా తపస్సు చేసినా ఆ ఖాళీలో పట్టదు. చేయించిన చెక్కపని మళ్లీ కొట్టించుకునే ఓపిక ఉంటే వేరే సంగతి. ఖాళీ ఎత్తెంతో మీరు రాయలేదు. 30 అంగుళాలకు తగ్గకుండా ఉందేమో టీవీ బుక్ చేసే ముందే కొలుచుకోండి.

అలాగని మీ ఆయనది అత్యాశేమీ కాదు. కూర్చునే దూరాన్ని అంగుళాల్లోకి మార్చి 1.6తో భాగిస్తే ఇంట్లో సినిమా చూడటానికి తగిన సైజు వస్తుందని ఒక లెక్క ఉంది. తెర మన చూపులో కనీసం 30 డిగ్రీల మేర పరుచుకుని ఉండాలన్న సూత్రం నుంచి వచ్చిన లెక్క ఇది. అమెరికాలోని సినిమా, టెలివిజన్ ఇంజినీర్ల సంఘం ఎస్‌ఎంపీటీఈ పేరుతో ఇది చెలామణిలో ఉంది. థియేటర్లకు ప్రమాణాలు పెట్టే టీహెచ్‌ఎక్స్ అయితే ఇంకా ముందుకెళ్లి 40 డిగ్రీలంటుంది. మీ తొమ్మిది అడుగులు అంటే 108 అంగుళాలు. 1.6తో భాగిస్తే 67 వస్తుంది. ఆయన అడిగిన 65 లెక్కకు సరిగ్గా దగ్గర్లోనే ఉంది. అదే దూరంలో 55 మీ చూపులో 25 డిగ్రీలు ఆక్రమిస్తుంది, 43 అయితే 20, మీ పాత 32 అయితే 15 కూడా లేదు. షాపతని మాట విని 43 కొంటే నెల తిరక్కుండానే చిన్నదైపోయిందన్న గొణుగుడు మొదలవుతుంది. పెద్ద టీవీ కొన్నామే అని బాధపడేవాళ్లు నాకు అరుదుగా తగులుతారు. చిన్నది కొని బాధపడేవాళ్ల ఉత్తరాలైతే కోకొల్లలు.

కళ్లు పోతాయన్న మాటకో పాత కథ ఉంది. 1967లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ అమ్మిన కొన్ని కలర్ టీవీల నుంచి ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఎక్స్‌రేలు వస్తున్నాయని తేలింది. వాటిని వెనక్కి తీసుకుని సరిచేశారు. దగ్గర కూర్చోవద్దన్న హెచ్చరిక అప్పటి నుంచే బాగా పాకింది. అవి వెనక డొప్ప పొడుచుకొచ్చిన పిక్చర్ ట్యూబు టీవీలు. ఇప్పటి పలకల టీవీల్లో ఆ ట్యూబూ లేదు, ఆ ఎక్స్‌రేలూ లేవు. కళ్లు అలిసిపోవడం మాత్రం నిజమే. దానికి కారణం సైజు కన్నా వెలుతురు. లైట్లన్నీ ఆర్పేసి, చీకట్లో టీవీని భగభగలాడిస్తూ చూస్తే 32 అంగుళాలదైనా కళ్లు మంటలెత్తిస్తుంది. రాత్రి సినిమా వేసుకున్నప్పుడు టీవీ వెనక గోడ మీద పడేలా ఓ చిన్న బల్బు వెలిగించుకోండి. అంతకు మించి మందు లేదు.

కాబట్టి మీకు 55. ఇక్కడ ఒక విషయం ముందే చెప్పి ఉంచుతాను, తర్వాత మీ ఆయన నన్ను తిట్టుకోకుండా. మన సినిమాలు చాలావరకు స్కోప్‌లో తీస్తారు, అంటే ఎత్తు కన్నా వెడల్పు 2.39 రెట్లు. టీవీ తెర ఆకారం అది కాదు. అందుకే సినిమా పెట్టగానే పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. 55 అంగుళాల టీవీలో 27 అంగుళాల ఎత్తుంటే, అందులో స్కోప్ సినిమా వాడుకునేది 20 అంగుళాలే. మిగతా ఏడూ నలుపే. మీరు వద్దనుకున్న 43 అంగుళాల టీవీలో సీరియల్ బొమ్మ ఎత్తు 21 అంగుళాలు! అత్తయ్య 43లో సీరియల్ చూస్తే కనిపించే ఎత్తు కన్నా మీరు 55లో సినిమా చూస్తే కనిపించే ఎత్తు ఒక అంగుళం తక్కువన్నమాట. సైజు దగ్గర వెనక్కి తగ్గకండి అని సినిమా పిచ్చోళ్లకు నేను చెప్పేది ఇందుకే. ఆ పట్టీలు పోగొడదామని రిమోట్‌లో జూమ్ నొక్కే అలవాటు మన ఇళ్లలో ఉంది. నొక్కితే పట్టీలు పోతాయి. వాటితో పాటు ఫ్రేములో ఆ చివరా ఈ చివరా నిలబడ్డ ఇద్దరూ పోతారు. పాత నలుపు తెలుపు సినిమాలకు దీనికి రివర్స్. అవి 4:3లో ఉంటాయి, పట్టీలు పక్కల్లో వస్తాయి. తెర నిండేలా లాగితే సన్నటి కథానాయిక కాస్తా బొద్దుగా మారిపోతుంది. రెండు చోట్లా ఆ నలుపును అలాగే వదిలేయండి.

ఇక షాపతను తప్పకుండా తీసుకోమన్న 4కె సంగతి. కావాలో వద్దో ఆలోచించే అవకాశం మీకు లేదు. 55 అంగుళాల్లో ఇప్పుడు షాపుల్లో దొరికేవి దాదాపు అన్నీ 4కెనే. కాకపోతే అదేదో పెద్ద వరంలా షాపతను చెప్పింది నమ్మకండి. ఫుల్ హెచ్‌డీ అంటే 1920×1080, మొత్తం 20 లక్షల పైచిలుకు చుక్కలు. 4కె అంటే 3840×2160, దాదాపు 83 లక్షలు. చుక్కలు నాలుగు రెట్లయ్యాయి సరే, అవి కంటికి విడివిడిగా ఆనాలి కదా. చూపు బాగా ఉన్న మనిషికి కూడా 55 అంగుళాల టీవీలో ఫుల్ హెచ్‌డీకీ 4కెకీ తేడా తెలియాలంటే ఏడడుగుల లోపు కూర్చోవాలి. 43 అంగుళాల దానికైతే ఐదున్నర అడుగులు. మీరు తొమ్మిది అడుగుల దూరంలో ఉన్నారు. 43లో 4కె తప్పనిసరి అని మీకు చెప్పినాయన మీకు ఎప్పటికీ కనపడని చుక్కలకు డబ్బు కట్టమన్నాడు. ఇక 8కె మాటెవరైనా ఎత్తితే నవ్వేసి పక్క ర్యాకుకు వెళ్లండి.

మీ ఇంట్లో అసలు తేడా తెచ్చేది టీవీలోకి ఏం వచ్చి పడుతోందన్నది. మామూలు ఎస్‌డీ ఛానల్ బొమ్మ 720×576, అంటే నాలుగు లక్షల చుక్కలు. దాన్ని 83 లక్షల చుక్కల తెర మీద పరవాలి. వచ్చిన ఒక్కో చుక్కకు టీవీ తనంతట తాను మరో పంతొమ్మిది ఊహించుకుని నింపుతుంది. ఎంత మంచి టీవీ అయినా ఊహ ఊహే. కొత్త టీవీ తెచ్చుకున్న ఇంట్లో మొదటి రోజే 'పాత దాంట్లోనే సీరియల్ బాగుండేది' అని పెద్దవాళ్లు అంటుంటారు. వాళ్ల మాటను కొట్టిపారేయకండి, వాళ్లు చూసింది నిజమే. 32 అంగుళాల్లో ఒదిగిపోయిన మసక 55లో మూడు రెట్ల విస్తీర్ణానికి సాగుతుంది. అందుకని టీవీ మీద నాలుగు వేలు మిగిల్చి, ఆ డబ్బుతో సెట్‌టాప్ బాక్స్ హెచ్‌డీకి మార్చుకుని, అత్తయ్య చూసే ఛానళ్లను హెచ్‌డీలో తీసుకోండి. ఈటీవీ, స్టార్ మా, జీ తెలుగు, జెమినీ నాలుగింటికీ హెచ్‌డీ ఛానళ్లున్నాయి. ప్యాక్‌లో ఇప్పటికే ఉండి కూడా పాత నంబరే నొక్కుతూ ఎస్‌డీ చూసే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ హెచ్‌డీ నంబర్లు ఓ కాగితం మీద రాసి, లేదంటే ఫేవరెట్స్‌లో పెట్టి ఆమెకు అలవాటు చేయండి.

న్యూస్ ఛానళ్లు మాత్రం తెలుగులో చాలావరకు ఎస్‌డీలోనే వస్తున్నాయి. వాటికి మనం చేయగలిగిందేమీ లేదు, సైజు పెరగడమొక్కటే లాభం. 32 నుంచి 55కి వెళితే స్క్రోలింగ్‌లో ఒక సెంటీమీటరు ఎత్తున్న అక్షరం 1.7 సెంటీమీటర్లవుతుంది. అంచులు కాస్త ముద్దగా ఉన్నా ఆమెకు చదవడానికి వస్తుంది. ఓటీటీ సంగతి కూడా ఇలాంటిదే. నెట్‌ఫ్లిక్స్‌లో 4కె కావాలంటే అన్నిటికన్నా పై ప్లాను కట్టాలి, ఇంటర్నెట్ 15 ఎంబీపీఎస్ నిలకడగా రావాలి. దానికి కింది ప్లానులో వచ్చే ఫుల్ హెచ్‌డీ మీ దూరానికి బాగానే ఉంటుంది. 4కెతో పాటు వచ్చే హెచ్‌డీఆర్ (బాగా వెలుగున్న చోటా చీకటి చోటా వివరాలు పోకుండా చూపే పద్ధతి) కోసం పై ప్లాను కట్టేవాళ్లున్నారు. దాని సంగతి కిందికొచ్చాక చెబుతాను.

ఇప్పుడు దివాన్ మీద కూర్చునే అత్తయ్య. టీవీ కొనేటప్పుడు అందరూ ఎదురుగా నిలబడి చూస్తారు, పక్క నుంచి ఎవరూ చూడరు. ఎల్ఈడీ టీవీల్లో ప్రధానంగా రెండు రకాల ప్యానెళ్లుంటాయి. వీఏ రకంలో నలుపు చిక్కగా ఉంటుంది, చీకటి గదిలో సినిమాకు బాగుంటుంది. పక్కకు జరిగితే మాత్రం రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్ రకంలో నలుపు కాస్త బూడిద రంగుకు తిరిగినా పక్క నుంచి చూసినా మొహాలు మొహాల్లానే ఉంటాయి. ఎక్కువ గంటలు చూసేది ఆవిడ. ఆ కూర్చునేది కూడా పక్కన. కాబట్టి మీ ఇంటికి నా ఓటు రెండో రకానికి. డబ్బా మీద ఇది రాసి ఉండదు, సేల్స్ అబ్బాయిని అడిగితే 'అన్నీ ఒకటే మేడమ్' అంటాడు. అడగొద్దు, చూడండి. షోరూముల్లో నేల టైల్స్ సాధారణంగా రెండడుగులవి. టీవీ నుంచి నాలుగున్నర టైల్స్ వెనక్కి నడిస్తే మీ సోఫా. అక్కణ్నుంచి మీ దివాన్ ఏ మూలన ఉంటుందో ఆ పక్కకు నడవండి. నడుస్తూ తెర మీది మనిషి మొహమే చూడండి. పాలిపోతూ ఉంటే ఆ మోడల్ మీకొద్దు.

షాపులో ఇంకో పని. అక్కడ అన్ని టీవీల్లోనూ పక్షులు, పళ్లు, స్విట్జర్లాండ్ కొండలు తిరుగుతుంటాయి. ఆ వీడియోలు కంపెనీలు ప్రత్యేకంగా చేయించి పెట్టినవి. టీవీ కూడా స్టోర్ మోడ్‌లో ఉంటుంది, అంటే షోరూము ట్యూబ్‌లైట్ల కింద పక్క టీవీని ఓడించేంత వెలుగు, రంగు. మీరు ఇంట్లో చూసేవి ఆ పక్షులు కావు కదా. మొహమాటపడకుండా ఒక మామూలు ఎస్‌డీ న్యూస్ ఛానల్ పెట్టమనండి, తర్వాత పిక్చర్ మోడ్‌ను సినిమాకో స్టాండర్డ్‌కో మార్చమనండి. అప్పుడు బాగున్న టీవీ మీ ఇంట్లోనూ బాగుంటుంది.

లేబుళ్ల గురించి రెండు ముక్కలు. క్యూఎల్ఈడీ అంటే మెరుగైన రంగులున్న ఎల్ఈడీ టీవీయే, భయపడి కొనక్కర్లేదు, నచ్చితే కొనచ్చు. ఓఎల్ఈడీ వేరే జాతి, నలుపు అద్భుతం. కానీ మీ బడ్జెట్‌లో రాదు. వచ్చినా పగలంతా ఒకే లోగో, ఒకే స్క్రోల్ పట్టీ వెలిగే ఇంట్లో తెర మీద ఆ ముద్ర పడిపోయే ప్రమాదం ఉంది. హెచ్‌డీఆర్, అందులోనే ఒక రకమైన డాల్బీ విజన్ అన్న ముద్రలు డబ్బా మీద ఉంటాయి. వాటి గొప్పతనం కనపడాలంటే తెరకు బాగా ఎక్కువ వెలుగు ఉండాలి. మీరనుకునే ధరలో చాలా టీవీలకు అంత సత్తా ఉండదు. అందుకే దాని కోసం ఓటీటీ ప్లాను పెంచమని మీకు చెప్పను. ధరల విషయంలో మాత్రం రెండేళ్ల కిందట ఎవరో కొన్న రేటు పట్టుకుని పోల్చకండి. 32 అంగుళాలు దాటిన టీవీలకు 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18కి తగ్గింది. యాభై వేల లోపు 55 అంగుళాల 4కె టీవీలు తెలిసిన కంపెనీలవే దొరుకుతున్నాయి.

మీ మరిది గారి టీవీ జబ్బు చాలా ఇళ్లలో ఉన్నదే. అదృష్టం ఏమిటంటే దానికి పైసా ఖర్చు లేదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. క్రికెట్ లైవ్ లాంటి టీవీ వీడియోలో సెకనుకు 50 సార్లు కదలిక నమోదవుతుంది. 24 ఉంటే సినిమా అని, నున్నగా జారిపోతే టీవీ అని మన కళ్లకు ఏళ్ల తరబడి అలవాటైపోయింది. కొత్త టీవీలు సినిమాలోని రెండు ఫ్రేముల మధ్య తమ సొంత ఫ్రేములు కల్పించి దూరుస్తాయి. కదలిక నున్నగా అవుతుంది, సినిమా కాస్తా షూటింగ్ స్పాట్‌లో నిలబడి చూస్తున్నట్టు తయారవుతుంది. కంపెనీ నుంచి వచ్చేటప్పుడే ఇది ఆన్ చేసి ఉంటుంది. సామ్‌సంగ్‌లో పిక్చర్ క్లారిటీ అని, ఎల్‌జీలో ట్రూమోషన్ అని, సోనీలో మోషన్‌ఫ్లో అని, చాలా చైనా కంపెనీల టీవీల్లో ఎంఈఎంసీ అని ఉంటుంది. పిక్చర్ సెట్టింగ్స్ లోపలికి వెళ్లి దాన్ని ఆఫ్ చేయమనండి. హాలీవుడ్ వాళ్లకూ ఇదే తలనొప్పి. 2018 డిసెంబర్‌లో నటుడు టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ కలిసి, దయచేసి దీన్ని ఆపి సినిమా చూడండి అంటూ ఓ వీడియోనే విడుదల చేశారు. మరుసటి ఏడాది టీవీ కంపెనీలూ స్టూడియోలూ ఉన్న యూహెచ్‌డీ అలయన్స్ ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఒకటి తెచ్చింది. అది నొక్కితే ఈ కల్పితాలన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. మీరు కొనే టీవీలో ఆ మోడ్ ఉంటే రాత్రి సినిమాలకు అదే పెట్టుకోండి, లేకపోతే సినిమా లేదా మూవీ మోడ్. ఆ నున్నటి కదలిక క్రికెట్‌కు కావాలని మీ బాబు గొడవ చేస్తే క్రికెట్ చూసే మోడ్‌లో మాత్రం తక్కువలో ఉంచండి, ప్రాణం మీదికేం రాదు.

సినిమా మోడ్‌కు మార్చగానే ఇంట్లో అందరూ 'ఇదేంటి, పసుపు పచ్చగా ఉంది' అంటారు. రంగులు దట్టంగా చూపే వివిడ్ మోడ్‌లో తెలుపు నిజానికి నీలం కలిసిన తెలుపు, దానికి అలవాటుపడ్డ కంటికి అసలు తెలుపు పచ్చగా అనిపిస్తుంది. నాలుగు రోజులు ఓపిక పట్టండి, తర్వాత వివిడ్ పెడితే మీకే ఎబ్బెట్టుగా ఉంటుంది. అత్తయ్య దగ్గర మాత్రం ఈ పంతం వద్దు. వయసుతో కంటిలోని కటకం పసుపెక్కుతుంది. ఆపరేషన్‌లో దాన్ని తీసేసి కొత్త లెన్స్ పెట్టాక లోకం కాస్త నీలంగా, తెల్లగా కనిపిస్తుంది. ఆమెకు ఒక కంటికే అయింది కాబట్టి రెండు కళ్లకూ రంగులు రెండు రకాలుగా ఉంటాయి. పగటి మోడ్‌లో కలర్ టెంపరేచర్ (తెలుపు పచ్చగా ఉండాలా నీలంగా ఉండాలా అని తేల్చే సెట్టింగ్) ఏది పెడితే ఆమెకు హాయిగా ఉందో అదే ఉంచండి.

మిగతా సెట్టింగులకు పరీక్ష పరికరాలేం అక్కర్లేదు, ఒక సీరియల్ చాలు. జడలో మల్లెపూలు పెట్టుకున్న పాత్ర దగ్గరగా కనిపించే సీను వచ్చినప్పుడు ఆపండి. అందులో నల్లటి జుట్టూ ఉంది, తెల్లటి పూలూ ఉన్నాయి. జుట్టు తారు పూసినట్టు ఒకే ముద్దగా ఉంటే బ్రైట్‌నెస్ తక్కువైంది, పాయలు కనిపించేదాకా పెంచండి. జుట్టు బూడిద రంగులోకి తిరిగితే ఎక్కువైంది. పూలు తెల్లటి మచ్చలా అతుక్కుపోతే కాంట్రాస్ట్ ఎక్కువ, రేకులు విడివిడిగా కనిపించేదాకా తగ్గించండి. నుదుటి కుంకుమ అంచు దాటి చర్మం మీదికి పాకినట్టుంటే కలర్ తగ్గించండి. తెర మొత్తం ఎంత వెలగాలన్నది వేరే మీట, బ్యాక్‌లైట్. పగలు ఎక్కువ, రాత్రి తక్కువ. సోనీ లాంటి వాటిలో ఈ బ్యాక్‌లైట్‌నే బ్రైట్‌నెస్ అంటారు, నలుపును సరిచేసేది బ్లాక్ లెవెల్ పేరుతో ఉంటుంది. పేర్లు చూసి కంగారుపడకండి, జుట్టును చూడండి.

షార్ప్‌నెస్ పెంచితే స్పష్టంగా ఉంటుందనుకుని అందరూ పెంచేస్తారు. న్యూస్ స్క్రోలింగ్‌కు దగ్గరగా వెళ్లి చూడండి. అక్షరాల చుట్టూ తెల్లటి నీడ లాంటి గీత కనిపిస్తుంటే అది టీవీ అతికించిన గీత. అది మాయమయ్యేదాకా తగ్గించండి. చాలా టీవీల్లో సున్నాకు దగ్గర్లో ఆగుతారు. సోనీలో 50 మధ్యస్థం, అంతకన్నా దింపితే మసకవుతుంది. ఈ ఒక్క మార్పుతో స్క్రోలింగ్ చదవడం అత్తయ్యకు తేలికవుతుంది. అదే స్క్రోలింగ్ కింది సగం తెగిపోయి కనిపిస్తుంటే టీవీ బొమ్మను కాస్త పెద్దది చేసి అంచులు కోసేస్తోందన్నమాట. పిక్చర్ సైజు మెనూలో ఎల్‌జీకి జస్ట్ స్కాన్ అని, సామ్‌సంగ్‌కు ఫిట్ టు స్క్రీన్ అని ఉంటుంది, అది ఆన్ చేయండి. ఎనర్జీ సేవింగ్ లేదా ఎకో అన్నది తెరను తనిష్టం వచ్చినట్టు చీకటి చేస్తుంటుంది. పగటి పూట కిటికీ వెలుతురున్న గదిలో దాన్ని ఆపేయండి, ఆ కిటికీకి కాస్త ముదురు కర్టెన్ వేయండి.

ఒకటి గుర్తుపెట్టుకోండి. సెట్‌టాప్ బాక్స్ కేబుల్ గుచ్చే హెచ్‌డీఎంఐ పోర్టుకు పెట్టిన సెట్టింగులు ఓటీటీ యాప్‌లకు పట్టకపోవచ్చు, హెచ్‌డీఆర్ సినిమా మొదలైతే మళ్లీ ఇంకో లెక్క. సెట్‌టాప్ బాక్స్ మీద ఉన్నప్పుడు అత్తయ్య కోసం ఒకసారి, యాప్‌లో సినిమా నడుస్తున్నప్పుడు మీ కోసం ఒకసారి సరిచేసుకోవాలి. డాల్బీ విజన్ సినిమా మరీ చీకటిగా ఉందనిపిస్తే పిక్చర్ మోడ్‌లో డాల్బీ విజన్ బ్రైట్ ఉంటుంది, అది పెట్టండి.

బిగించడానికి అబ్బాయి వచ్చిన రోజు మీరో మీ ఆయనో దగ్గరుండండి. డబ్బా తీయగానే గోడకెక్కించక ముందే టీవీ ఆన్ చేయించి తెర మీద గీతలు, పగుళ్లు లేవని చూసుకోండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు హోమ్ మోడా స్టోర్ మోడా అని అడిగితే హోమ్ అనే నొక్కించండి. తెర మధ్యభాగం సోఫాలో కూర్చున్న వాళ్ల కంటి ఎత్తుకు దగ్గరగా, అంటే నేల నుంచి మూడున్నర నాలుగు అడుగుల్లో ఉండేలా పెట్టించండి. వెళ్లేముందు సెట్‌టాప్ బాక్స్ వెనక చూడండి. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులున్న పాత వైరుతో టీవీకి కలిపి ఉంటే హెచ్‌డీ ప్యాక్ డబ్బులు దండగ, ఆ వైరులో హెచ్‌డీ రాదు. హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టించి, బాక్స్ సెట్టింగ్స్‌లో వీడియో అవుట్‌పుట్ 1080 మీద ఉందో లేదో చూసుకున్నాకే అతన్ని పంపించండి.